ఇంటిపేరును వంశమును: జోన్సు నామ విమర్శము

పేరునుబట్టి వంశమును, వంశమునుబట్టి మనుష్యుని విలువను నిర్ణయించు అలవాటు మన దేశమునకు మాత్రమే చెందినది కాదు. జన్మముకంటె యోగ్యతకే ప్రాధాన్యమని చెప్పుకొను పాశ్చాత్యులలో సైతము, ఇంటిపేరు వినబడగానే దాని వెనుక ఒక మూలపురుషుని, ఒక కోటను, ఒక కులచిహ్నమును వెదకువారు అనేకులున్నారు. వారి కుతూహలమును తీర్చుటకై ఇంటిపేర్ల నిఘంటువులు, పటములు, చరిత్రలు ఇంగ్లీషున ఒక చిన్న గ్రంథాలయమునకు చాలునంతగా వెలువడినవి. ఆ గ్రంథములలో పాండిత్యము కలదు, శ్రమ కలదు. అయినను వానిని చదువువారి మనస్సులలో, ఒక్కొక్కప్పుడు వ్రాసినవారి మనస్సులలోను, ఒక భ్రమ పాతుకొనియున్నది. పదము పుట్టుక వేఱు. పదము వ్యాపించిన తీరు వేఱు. దానిని ధరించిన కుటుంబముల పుట్టుక వేఱు. ఈ మూడింటిని కలిపి ఒక్కటిగా చూచుటయే ఆ భ్రమ. దీనిని విచారించుటకు ‘జోన్సు’ అను ఇంటిపేరుకంటె తగిన ఉదాహరణము దొరకదు.

జోన్సు అనగా ‘జాను యొక్క’ అని అర్థము. జాను కొడుకని భావము. ఇట్లు తండ్రి పేరునుండి పుట్టిన నామము మనకు క్రొత్తది కాదు. దశరథుని కొడుకు దాశరథి. పాండురాజు కొడుకులు పాండవులు. వసుదేవుని కొడుకు వాసుదేవుడు. పాణిని ఇట్టి పదములకై తన తద్ధిత ప్రకరణమున ‘అపత్యము’ అను ఒక అధికారమునే ఏర్పఱచెను. అంతతో నూరకుండక, మనుమడు మొదలుకొని తర్వాతి సంతతికి ‘గోత్రము’ అను వేఱు సంజ్ఞ నిచ్చెను. ఆ వైయాకరణుడు చూపిన భేదమే మన విచారమునకు కీలకము. తరతరమునకు మారు పేరు ఒకటి; ఒకచోట నిలిచిపోయి ఇక మారని పేరు ఇంకొకటి. మొదటిది ఈతని తండ్రి యెవరో నిజముగా చెప్పును. రెండవది ఎప్పటిదో ఒక తండ్రి పేరు చెప్పును గాని, ఆ తండ్రి ఎప్పటివాడో చెప్పదు.

వేల్సు దేశమున పూర్వము మొదటి పద్ధతియే యుండెడిది. కొడుకునకు ‘ఆప్’ అనియు, అచ్చు పరమైనప్పుడు ‘ఆబ్’ అనియు, కూతునకు ‘వెర్ఖ్’ అనియు చేర్చి తండ్రి పేరు చెప్పెడివారు. 14వ శతాబ్దపు మహాకవి దావిద్ ఆప్ గ్విలిమ్ అనగా గ్విలిము కొడుకైన దావిదని అర్థము. 1282లో ఆంగ్లేయులతోడి యుద్ధమున మరణించిన వేల్సు ప్రభువు లెవెలిన్ ఆప్ గ్రిఫిద్; ఆతని తండ్రి గ్రిఫిద్ ఆప్ లెవెలిన్. మన వైపున తాత పేరు మనుమనికి పెట్టు ఆచారము గలవారికి ఈ వరుస వింతగా తోచదు. భూమి జ్ఞాతుల నడుమ పంచబడు దేశమగుటచే, నాలుగైదు తరముల పూర్వుల పేళ్లను ఏకరువు పెట్టగలుగుట వేల్సు గృహస్థునకు గర్వకారణము మాత్రమే గాక జీవనావసరమై యుండెను. అట్టి పేరు ఆతనికి దస్తావేజువంటిది.

ఈ జీవనామము ఇంటిపేరుగా గడ్డకట్టినప్పుడు కాకతాళీయమెంత పనిచేసినదో తెలియుటకు ఇంగ్లండు రాజవంశమే సాక్షి. 1485లో సింహాసనమెక్కిన ఏడవ హెన్రీ తాత ఒవైన్ ఆప్ మరెదిద్ ఆప్ ట్యూడర్. ఒవైను తండ్రి పేరు మరెదిద్. తాత పేరు ట్యూడర్. ఇంగ్లండునందు ఆతనికి తండ్రి పేరుకు మాఱు తాత పేరు అంటుకొని నిలిచినది. తండ్రి పేరే నిలిచియుండినచో ఎనిమిదవ హెన్రీయు, మొదటి ఎలిజబెత్తును చరిత్రగ్రంథములలో మెరెడిత్ వంశీయులుగా కనబడియుందురు. ఆ వంశపు ప్రతాపమున కొఱతయేమియు నుండెడిది కాదు. పేరు మాత్రమే మారెడిది.

1536, 1543 సంవత్సరముల శాసనములచే ఎనిమిదవ హెన్రీ వేల్సును ఇంగ్లండుతో చేర్చి, న్యాయస్థానముల భాష ఇంగ్లీషని విధించెను. ‘ఆప్’ల వరుస ఇంగ్లీషు గుమాస్తాల కలమునకు లొంగునది కాదు. వేల్సు సరిహద్దు పరగణాల మండలి కధ్యక్షుడైన రోలండ్ లీ అను బిషప్పు, జ్యూరీ పట్టికలోని ఈ పొడుగు పేళ్లకు విసిగి, ఒక్కొక్కరు చివరి పేరునో, ఊరి పేరునో ఉంచుకొని తక్కినవి విడువవలెనని ఆజ్ఞాపించెనని ఒక కథ కలదు. మోస్టిన్ అను ప్రసిద్ధ కుటుంబము పేరు అట్లు స్థిరపడినదని చెప్పుకొందురు. కథలోని వివరములెట్లున్నను దానిలోని భావము సత్యము. పేరు ఇంటిలో పుట్టినది. ఇంటిపేరు మాత్రము కచేరిలో పుట్టినది.

కాని ఈ మార్పు దేశమంతట ఒక్క దినమున జరుగలేదు. ఆంగ్లేయులతో సహవాసముగల జమీందారులు 16వ శతాబ్దముననే ఇంటిపేర్లు స్థిరపఱచుకొనిరి. తూర్పు సరిహద్దు జిల్లాలలో సామాన్యులును ఇంచుమించు తొందరగనే మారిరి. వారు మారునాటికి ‘ఆప్’ ఇంకను వాడుకలో నుండుటచే అది పేరునకు అతుకుకొనిపోయినది. ఆప్ రీస్ ప్రైస్ అయినది. ఆప్ హవెల్ పవెల్ అయినది. ఆబ్ ఒవైన్ బోవెన్ అయినది. ఆప్ హ్యూ ప్యూ అయినది. ఆప్ హారీ పారీ అయినది. పశ్చిమోత్తరముల కొండసీమలలో మాత్రము పేదరైతులు 18వ శతాబ్దమందును, కొందఱు 19వ శతాబ్దారంభమందును, తండ్రి పేరే చెప్పుకొనుచుండిరి. వారి వంతు వచ్చునప్పటికి రెండు మార్పులు జరిగినవి. ‘ఆప్’ మాటున ఇంగ్లీషు షష్ఠీప్రత్యయమైన ‘స్’ వచ్చి చేరినది. బాప్తిస్మపు పేళ్ల సంఖ్యయు మిక్కిలి తగ్గిపోయినది. గ్రిఫిద్, లెవెలిన్, గొరొన్వి మొదలగు దేశీయనామములు వెనుకబడి, జాన్, విలియం, డేవిడ్, థామస్ మొదలగు కొలది పేళ్లే ఊరూర వినబడుచుండెను. ఏ తరమున తండ్రుల పేళ్లు అతి తక్కువగా నుండెనో, ఆ తరముననే అవి శాశ్వతమైనవి. జోన్సు, విలియమ్స్, డేవిస్, థామస్, ఎవాన్స్ అను నామములు వేల్సును కప్పివేయుటకు కారణమిదియే.

ఇక జోన్సు అను పదమును చూడుడు. దాని మూలము హీబ్రూ భాషలోని యోహానాన్. అది గ్రీకు, లాటిను భాషల మీదుగా ఐరోపాకు వచ్చినది. వేల్సు నోట అది ఒకప్పుడు యెయాన్ అయి, దానినుండి ఎవాన్సును, బెవాన్సును కన్నది. అదియే రెండవసారి ఇంగ్లీషు ద్వారమున వచ్చి షోన్ అయినది. ఎవాన్సులును జోన్సులును ఒక్క పదమునకు పుట్టిన బిడ్డలేయనిన వినువారి కాశ్చర్యము కలుగును. అంతకంటె ఆశ్చర్యమేమన, జోన్సు మొదటి అక్షరమైన ‘జె’ వేల్సు భాష సంప్రదాయ వర్ణమాలలో లేనేలేదు. వేల్సు దేశమునకు గుర్తుగా లోకమెఱిగిన పేరును వేల్సు అక్షరములతో వ్రాయుటకే వీలులేకుండెను.

ఇప్పుడు గ్రంథకర్తలను విచారింతము. వీరిలో సీ. డబ్ల్యూ. బార్డ్‌స్లే గౌరవింపదగినవాడు. ఆతడు మరణించిన పిమ్మట 1901లో వెలువడిన ఆతని ఆంగ్ల, వేల్సు ఇంటిపేర్ల నిఘంటువు ఈ శాస్త్రమునకు పునాదులలో నొకటి. వ్యక్తినామములు, స్థలనామములు, అధికారనామములు, వృత్తినామములు, ఎగతాళి పేళ్లు అని ఇంటిపేర్లను ఐదు తరగతులుగా విభజించి, పాత పట్టీలనుండి సాక్ష్యములు తెచ్చి చూపెను. తర్వాత 1958లో పీ. హెచ్. రీనీ తన నిఘంటువున ఈ పద్ధతిని మఱింత నిష్ఠతో సాగించెను. నోటికి వచ్చిన వ్యుత్పత్తులు చెప్పు కాలము వీరితో ముగిసినది. ఇది వారు చేసిన గొప్ప యుపకారము. కాని నిఘంటువు స్వభావమే ఒక అపాయమును తెచ్చిపెట్టినది. ఒక్కొక్క పేరునకు ఒక మూలము, ఒక ప్రథమోదాహరణము ఇయ్యబడుటచే, ఆ ఉదాహరణములోని మనిషిని చదువరి తన మూలపురుషునిగా భావించును. జోన్సు అను రూపము 13వ శతాబ్దముననే ఇంగ్లండులోని హంటింగ్‌డన్ సీమలో మటిల్డా అను స్త్రీ పేరున కనబడుచున్నది. ఆమె జాను కూతురో, భార్యయో, విధవయో అయియుండును. ఆమెకును, ఐదు శతాబ్దముల తర్వాత మెరియొనెత్ కొండలలో తండ్రి పేరు షోన్ అగుటచే గుమాస్తా చేత జోన్సని వ్రాయించుకొన్న గొఱ్ఱెలకాపరికిని సంబంధమేమి? పదమొక్కటే. రక్తమున గాని, స్థలమున గాని, కాలమున గాని పొత్తు లేదు.

రెండవ మార్గము హెచ్. బీ. గప్పీది. ఆతడు 1890లో ప్రకటించిన గ్రంథము ఇంటిపేర్ల స్వస్థానములను వెదకినది. పట్టణవాసులు చెదరిపోవుదురు గాని రైతులు తాతలనాటి భూమిని అంటిపెట్టుకొని యుందురని తలచి, జిల్లావారీగా రైతుల పేళ్లు లెక్కించి, ఎక్కడ సాంద్రత హెచ్చో అదియే ఆ పేరునకు నిలయమని నిర్ణయించెను. ఊరి పేరునుండి పుట్టిన ఇంటిపేర్లకు ఈ యూహ చక్కగా సరిపోవును. ఒక ఊరినుండి వెలువడినవారు దాని చుట్టుప్రక్కల ఎక్కువగా నుండుట సహజము. కాని పితృనామమునకు ఊటబుగ్గ ఒక్కటి కాదు. జాను అను తండ్రి ఉన్న ప్రతి ఇంటను అది వేఱుగా పుట్టగలదు. వర్షము కురిసిన నేలయంతయు తడిసియుండగా, మిక్కిలి తడిసిన మడినిజూపి నీటి పుట్టుక ఇక్కడనే యనుట ఎట్టిదో, జోన్సు సాంద్రతను జూపి జోన్సుల పుట్టిల్లు నిర్ణయించుట అట్టిది. ఆ సాంద్రత తెలుపునది వేఱొక విషయము: ఇచ్చట ఇంటిపేర్లు ఆలస్యముగా స్థిరపడినవి, అప్పటికి పేళ్లు కొలదిగా నుండినవి.

ఈ లోపమును దిద్దినవారు వేల్సు పండితులే. టీ. జే. మోర్గన్, ప్రిస్ మోర్గన్ అను తండ్రికొడుకులు 1985లో వేల్సు ఇంటిపేర్లపై ప్రకటించిన గ్రంథము, ఇంగ్లీషు గుమాస్తాల వ్రాతలో వికృతములైన రూపములను వేల్సు ధ్వనిశాస్త్రము తెలిసి చదివినది. 1996లో జాన్ రోలండ్స్, షీలా రోలండ్స్ అను దంపతులు, 1813 మొదలు 1837 వఱకు జరిగిన వివాహముల దస్తరములను ప్రాంతములవారీగా పరిశీలించి, ఏ పేరు ఎచ్చట ఎంతగలదో నిర్ణయించిరి. ఆ లెక్కలో దేశము మొత్తముమీద నూటికి 13 లేక 14 మంది జోన్సులే. దక్షిణ పెంబ్రోక్ సీమలో మాత్రము చిత్రము వేఱు. 12వ శతాబ్దమునుండియు అక్కడ ఆంగ్లేయులు, ఫ్లెమిష్ వారు కాపురముండుటచే ఇంగ్లీషు ఇంటిపేర్లు బహుళము. స్థలముతోడ కాలమును జోడించుటయే వీరి గ్రంథములకు గల విశేషము. వంశగౌరవమును కోరి వచ్చిన చదువరికి ఇవి నిరాశ కలిగించును. సత్యమును కోరి వచ్చినవానిని తృప్తిపఱచును.

మనకు బాగుగా పరిచితుడైన జోన్సు ఒకడు కలడు. 1784లో కలకత్తాయందు ఏషియాటిక్ సొసైటీని స్థాపించి, 1789లో శాకుంతలమును ఇంగ్లీషున ప్రకటించిన సర్ విలియం జోన్సును ఎఱుగని సంస్కృత విద్యార్థి లేడు. ఆతని తండ్రియు విలియం జోన్సే. వృత్తపరిధికిని వ్యాసమునకును గల నిష్పత్తికి ‘పై’ అను గ్రీకు అక్షరమును 1706లో మొదట వాడిన గణితజ్ఞుడాతడు. ఈ గణితజ్ఞుడు 1675లో ఆంగ్లిసీ ద్వీపమున ఒక పేద ఇంట పుట్టెను. ఆతని తండ్రి పేరు షోన్ షోర్. ఇంగ్లీషున జాన్ జార్జి. జాను కొడుకగుటచే విలియము జోన్సయ్యెను. జోన్సు వంశమని మనము గౌరవముతో పలుకు ఆ వంశమునకు తాతతోనే ఆది! పేరు ఒక తరము ముందుగా స్థిరపడియుండినచో మనము సర్ విలియం జార్జిని స్మరించుచుందుము. సంస్కృత, గ్రీకు, లాటిను భాషలకు ఏకమూలమును 1786 నాటి ఉపన్యాసమున సూచించిన మహనీయుడు, ఆ కుటుంబమునకే చెందని హీబ్రూ పదమును ఇంటిపేరుగా ధరించియుండెను. ఆతని కీర్తికి ఈ పేరు కొంచెమైనను సహాయపడలేదు; లోపమును కలిగింపలేదు.

వేల్సు దాటినపిమ్మట ఈ నామసంచారము మఱింత ఉపదేశకరము. పని వెదకికొనుచు వేల్సు ప్రజలు సరిహద్దు జిల్లాలకును, లివర్‌పూలు, లండను నగరములకును పోయిరి. 1853 నాటి జననమరణముల లెక్కలనుబట్టి ఇంగ్లండు వేల్సులలో స్మిత్ ఇంటిపేరు 73 మందిలో ఒకరికి, జోన్సు 76 మందిలో ఒకరికి ఉండెను. ఆ లెక్కలు ప్రకటించిన రిజిస్ట్రారు జనరలే, వేల్సులో జాన్ జోన్సని పిలుచుట ఎవరిని పిలువకుండుటయేయని వాపోయెను. కావుననే ఊరివారు వృత్తినో, పొలమునో చేర్చి రొట్టెల జోన్సు, పాల జోన్సు అని పిలువవలసివచ్చినది. గుర్తించుటకై తెచ్చిన ఇంటిపేరు గుర్తింపలేకపోవుటచే, దానికి మఱియొక ఇంటిపేరు కావలసివచ్చినదన్నమాట. 1865లో మిమోసా అను ఓడపై కొందఱు వేల్సువారు దక్షిణ అమెరికాలోని పటగోనియాకు పోయి చుబుట్ లోయలో వలస స్థాపించిరి. వారి నాయకులలో నొకడైన లూయీ జోన్సు పేరుమీదుగా అక్కడ ట్రెలూ పట్టణము వెలసినది. గమనింపదగినదేమన, ఊరికి ఎక్కినది లూయీ అను సొంత పేరే. ఏ జోన్సో తెలియుటకు ఇంటిపేరు ఉపకరింపదని వారికి తెలియును.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో 2010 జనాభా లెక్కలనుబట్టి జోన్సు ఐదవ పెద్ద ఇంటిపేరు. వారిలో మూడవవంతునకు మించినవారు నీగ్రో జాతి బానిసల సంతతివారైన నల్లవారు. ఈ యొక్క విషయము వేయి వంశవృక్షములకు సమాధానము. 1850, 1860 సంవత్సరముల బానిసల జాబితాలలో వారికి పేళ్లే వ్రాయబడలేదు. వయస్సు, లింగము, రంగు మాత్రము యజమాని పేరు క్రింద లెక్కింపబడినవి. 1865లో దాస్యవిమోచనమైన తర్వాత, 1870 లెక్కలలో మొదటిసారి వారందఱు పేళ్లతో, ఇంటిపేళ్లతో కనబడిరి. కొందఱు పూర్వపు యజమాని పేరు ఉంచుకొనిరి. కొందఱు తమకు నచ్చిన పేరు ఎన్నుకొనిరి. పటముపై వారి నివాసములకు చుక్కలు పెట్టి ‘వేల్సు జాతి వ్యాప్తి’ యని శీర్షిక వ్రాయుట, అన్యాయమునకు గురియైనవారిని రెండవసారి పేరులేనివారిగా చేయుటయే.

ఇంకొక అన్యాయమును ఈ గ్రంథములు మాటమాత్రముగా చెప్పి దాటిపోవును. పూర్వపు వేల్సు పద్ధతిలో స్త్రీ వివాహమైనను తన తండ్రి పేరుతోనే చెప్పబడుచుండెను. చచ్చువఱకు ఆమె ఫలానావాని కూతురే. స్థిరమైన ఇంటిపేరు వచ్చినపిమ్మట, ఇంగ్లీషు ఆచారమును అనుసరించి, క్రమముగా ఆమె భర్త ఇంటిపేరులోనికి పోయినది. ‘వెర్ఖ్’ మాయమైనది. ‘ఆప్’ కనీసము ప్రైసు, పవెలులలో ఒక అక్షరముగానైన బ్రతికినది. కూతును తెలుపు మాటకు ఆ భాగ్యమును కలుగలేదు. ఇంటిపేర్ల వ్యాప్తిని లెక్కించు పటములన్నియు పురుషుల దారులనే చూపుచున్నవి. తల్లుల దారులు వానిలో లేవు. ప్రతి మనుష్యుని పూర్వులలో సగముమంది స్త్రీలైనప్పుడు, తండ్రి దారి నొక్కదానిని వంశమనుట ఎంతవఱకు న్యాయము?

ఈ విషయమున శాస్త్రజ్ఞుల తీర్పును కలదు. 2009లో లెస్టరు విశ్వవిద్యాలయమువారు, తండ్రినుండి కొడుకునకు మాత్రమే సంక్రమించు వై క్రోమోసోమును 40 బ్రిటిషు ఇంటిపేళ్లు గల పురుషులలో పరీక్షించి ఫలితములను ప్రకటించిరి. అరుదైన ఇంటిపేరుగల వారిలో పెక్కుమంది ఏకమూలులుగా కనబడిరి. స్మిత్ వంటి బహుళనామము గలవారిలో పరస్పర సంబంధము దారిన పోవువారితోడి సంబంధముకంటె విశేషముగా లేదు. పేరు ఎంత పెద్దదైన, చుట్టరికము అంత చిన్నదన్నమాట. 2006 నవంబరులో కార్డిఫ్ నగరమున 1,224 మంది జోన్సులు ఒకచోట చేరి ఆటపాటలతో ప్రపంచరికార్డు నెలకొల్పిరి. అది బంధువుల కూటమి యని ఎవరును పొరపడలేదు. పేరున కలసిన అపరిచితులు ఒక పూట సంతోషముగా గడపిరి. ఇంటిపేరున కింతకంటె మంచి ఉపయోగము కనబడదు.

దూరదేశపు ఈ వృత్తాంతముతో మనకేమి పనియని అడుగవచ్చును. మన ఇంటిపేర్లలో కందుకూరి, గురజాడ మొదలుగా పెక్కులు గ్రామనామములు, పితృనామములు తక్కువ. ఒకే ఇంటిపేరు వేర్వేఱు కులములలో నుండుట అందఱు ఎఱిగినదే. అయినను ఇంటిపేరు వినినంతనే కులమును, కులము తెలిసినంతనే మర్యాదను కొలుచు నాలుకలు మనలో తక్కువగా లేవు. వారు మారిషస్ ద్వీపమును ఒకసారి తలచుకొనవలెను. 1834 తర్వాత ఒప్పందపు కూలీలుగా కోరంగి రేవునుండి అచ్చటికి పోయిన తెలుగువారిని ఆ రేవు పేరుననే కోరింగీలనిరి. దస్తరమున కూలీ పేరు, తండ్రి పేరు వ్రాయబడినవి. ఇక్కడి ఇంటిపేళ్లు ఇక్కడనే నిలిచిపోయినవి. తర్వాతి తరములలో అప్పడు, వీరసామి వంటి తండ్రుల ఒంటిపేళ్లే ఫ్రెంచి వర్ణక్రమమున ఇంటిపేళ్లయినవి. వేల్సు గొఱ్ఱెలకాపరికి జరిగినదే చెఱకుతోట కూలీకిని జరిగినది. వారి మనుమలు తెలుగువారు కాకపోయిరా? ఇంటిపేరు పోయినంతమాత్రమున వారి పూర్వుల కష్టము, భాష, దైవము పోయినవా?

కావున ఇంటిపేరును గూర్చి వ్రాయు విమర్శకుని మనము మూడు ప్రశ్నలు అడుగవలెను. ఈ పదము ఏ భాషలోనిది? ఇది మారక నిలిచినది ఏ కాలమున? నిలిపినవారెవరు, ఇంటివారా, కచేరివారా? మొదటి ప్రశ్నకు మాత్రమే ఉత్తరమిచ్చు గ్రంథము పదచరిత్ర యగునే గాని వంశచరిత్ర కాజాలదు. మూడింటికిని ఉత్తరమిచ్చు గ్రంథమును చదివినపిమ్మట, పేరును బట్టి పొంగువానికి ఆధారము తగ్గును. పేరును బట్టి క్రుంగువానికి కారణము తొలగును. నామవిచారము నేర్చినవారు పాఠశాలలలోను, పెండ్లి పందిళ్లలోను ఈ పాటి మేలు చేయగలిగినచో, ఆ విద్య వ్యర్థము కాలేదని చెప్పవచ్చును.